చదవకూడని ఉత్తరం

‘దుంపల సెలవులు’ నవల: పదకొండో భాగం

పోయిన వారం నన్ను నేనే మా స్కూలు కెమిస్ట్రీ ల్యాబు తలుపు ముందు నిలబెట్టి వదిలేశాను. తట్టడానికి చెయ్యెత్తాను, అక్కడ ఆగింది కథ. ముందు భాగాలు చదవనివాళ్ళు కంగారు పడక్కర్లేదు, సంగతి నాలుగు ముక్కల్లో చెప్పేస్తాను.

నా పేరు జోసెట్ టెరియో. అమెరికాలో మెయిన్ రాష్ట్రం నెత్తిమీద, నది దాటితే కెనడా వచ్చే చోట, బంగాళాదుంపలే లోకమైన లోయ మాది. ఆ దుంపలకు పట్టే తెగుళ్ళ గురించి కాల్డర్‌వుడ్ కాలేజీలో చదవాలని నా పట్టుదల. ఆ కాలేజీ వందమంది అడిగితే తొమ్మిదిమందికి సీటిస్తుంది. నా జి.పి.ఏ. నాలుగుకి మూడు పాయింట్ ఏడు. తొమ్మిదో క్లాసులో తెచ్చుకున్న ‘బీ’ గ్రేడులను చిన్నతనం కింద కొట్టేస్తారట. వాళ్ళు వేలు పెట్టి చూపించేది ఒక్కటే, పోయిన ఏడాది పదకొండో క్లాసు మొదటి సగంలో కెమిస్ట్రీకి పడ్డ సీ ప్లస్.

అది ఎలా పడిందంటే, పోయిన ఏడాది, పంట ఎత్తడానికి బడి ఇచ్చే దుంపల సెలవులు అయిపోయినా వానలు అయిపోలేదు. స్కూలు తెరిచేశారు, మా పంట సగం ఇంకా నేలలోనే ఉంది. నేల గడ్డకట్టే లోపు ఎత్తకపోతే ఏడాది కష్టం మట్టిపాలు. తొమ్మిది రోజులు నేను బడి ఎగ్గొట్టి, దుంపలు తవ్వే హార్వెస్టరు యంత్రం మీద నిలబడి, దుంపల మధ్య నుంచి రాళ్ళేరాను. ఇంగ్లీషు, హిస్టరీ, లెక్కల టీచర్లు ఇంటికి పని పంపి సర్దుకున్నారు. కెమిస్ట్రీ టీచరు మాత్రం నాలుగు ల్యాబులకు నాలుగు సున్నాలు పెట్టింది. ఆ టీచరు పేరు లొరేన్ టెరియో. మా నాన్న తోడబుట్టిన అక్క, నాకు సొంత మేనత్త. తాత పోతూ పోతూ పొలమంతా నాన్న పేరే రాసిన దగ్గర్నుంచి, ఆరేళ్ళుగా, ఆవిడ మా గడప తొక్కలేదు, మేం ఆవిడ గడప తొక్కలేదు.

ఇప్పుడు నేను పన్నెండో క్లాసు. పోయిన వారం, స్కూల్లో కాలేజీ దరఖాస్తులు చూసే మా కౌన్సిలరు హాస్కెల్ గారు రెండు బాంబులు వేశారు. సైన్సు చదువుతానంటే సైన్సు టీచరు సిఫారసు ఉత్తరం ఉండి తీరాలట. మా స్కూల్లో కెమిస్ట్రీకీ ఫిజిక్సుకీ కలిపి ఉన్నది లొరేన్ అత్త ఒక్కతే. రెండోది ఇంకా దారుణం. ఆ ఉత్తరాన్ని ఎప్పటికీ చదవనని నేను ముందుగానే హక్కు వదులుకోవాలట, లేకపోతే కాలేజీవాళ్ళు దాన్ని నమ్మరట. అంటే పగబట్టిన మనిషి చేతికి మెడ అప్పగించి, కళ్ళు కూడా మూసుకోవాలి. గడువు నవంబరు ఒకటి. నేను తలుపు తట్టింది అక్టోబరు ఇరవై, మంగళవారం, బడి వదిలిన పావుగంటకి.

"రా. తలుపు మూసి రా, వేడి బయటికి పోతోంది."

ఆవిడ సింకు దగ్గర గాజు గొట్టాలు కడుగుతోంది. నావైపు తిరగలేదు. వెనకనుంచి చూస్తే అచ్చం మా నాన్నే. ఆ భుజాలే, ఆ మెడే.

"టీచర్, మీతో ఒక పని ఉండి వచ్చాను."

"టీచరా? ఆదివారం చర్చి మెట్ల మీద ఎదురుపడితే నాకు ఏ పేరూ లేదే! స్తంభాన్ని తప్పుకున్నట్టు తప్పుకుని పోయావు."

"మీరూ పలకరించలేదు."

"నేను పెద్దదాన్ని. ముందు నువ్వు పలకరించాలి. అది కూడా నేర్పలేదన్నమాట ఇంట్లో."

పనిబడితే గాడిద కాళ్ళైనా పట్టుకోమన్నారు. నేను పట్టుకోవడానికే వచ్చాను. కానీ మా వంశంలో దుంపలేరడానికి తప్ప ఇంకదేనికీ నడుము వంగదు. ఎలాగో అసలు మాట బయటికి తోశాను.

"కాల్డర్‌వుడ్‌కి దరఖాస్తు పెడుతున్నాను. మీ సిఫారసు ఉత్తరం కావాలి."

ఆవిడ కుళాయి కట్టేసింది. తుండుతో చేతులు తుడుచుకుంటూ అప్పుడు తిరిగింది, నవ్వుతోంది. ఆ నవ్వు చూస్తే ఎంతటివాళ్ళకైనా చెంప పగలగొట్టాలనిపిస్తుంది.

"హాస్కెల్ పంపాడా?"

"నేనే వచ్చాను."

"మీ నాన్నకు తెలుసా?"

"తెలిస్తే రానిస్తాడా?"

"మీ అమ్మకి?"

"నేను వచ్చినట్టు అమ్మకీ తెలీదు. ‘మీ అత్త ఇవ్వదు, వెళ్ళి చిన్నబోయి రాకు’ అని వారం రోజులుగా చెప్తూనే ఉంది."

"ఆహా," అంది అత్త. "మీ అమ్మ చెప్పిందా ఆ మాట." తుండు మడిచి కొక్కేనికి తగిలించింది. "సరే, చెప్పు. నేనెందుకు ఇవ్వాలి?"

"మీ క్లాసులో రెండో సగంలో ‘ఏ’ గ్రేడు తెచ్చుకున్నాను. ఇప్పుడు ఫిజిక్సులో నేనే ఫస్టు."

"మరి మొదటి సగంలో?"

"మీరు సీ ప్లస్ ఇచ్చారు."

"చూశావా! ‘ఏ’ అయితే నువ్వు తెచ్చుకున్నావు. సీ అయితే నేనిచ్చాను. మీ ఇంటిల్లిపాదికీ ఇదే తెలివి. పంట పండితే మీ నాన్న కష్టం, కుళ్ళితే దేవుడి తప్పు."

అక్కడితో నా ఓపిక అయిపోయింది. అడుక్కోవడానికి వచ్చినదాన్నన్న సంగతి కూడా మరిచిపోయాను.

"నాలుగు సున్నాలు పెట్టారు మీరు! లోయలో ఉన్న టీచర్లందరికీ దుంపల పని అంటే ఏమిటో తెలుసు. బస్సు నడిపేవాళ్ళు, వంట చేసేవాళ్ళు, ఆఖరికి ప్రిన్సిపాలు కూడా శనాదివారాలు హార్వెస్టరు ఎక్కుతారు. మీకొక్కరికే తెలీదు. ఒక్క ల్యాబు, ఒక్కటంటే ఒక్కటి, మళ్ళీ చెయ్యనిచ్చారా? ఎందుకివ్వలేదో నాకు తెలుసు. పొలం మీకు రాలేదని నా మార్కుల మీద కక్ష తీర్చుకున్నారు."

"పొలం మాట ఎత్తకు."

"ఎత్తుతాను. ఊరంతా ఎత్తుతున్నారు."

"ఊరికేం తెలుసే?" ఆవిడ గొంతు ఒక్కసారిగా పెరిగింది. "ఏడో ఏట చేతికి బుట్ట ఇచ్చాడు మీ తాత. పదమూడేళ్ళకు రోజుకు డెబ్భై బారెళ్ళు, అంటే డెబ్భై పీపాల దుంపలు ఏరేదాన్ని, చేత్తో, మోకాళ్ళ మీద పాకుతూ. మీ నాన్న ముప్పై ఏరి పక్కకెళ్ళి పడుకునేవాడు. వాడికి తిట్లు పడతాయని నా బారెళ్ళ మీద వాడి నంబరున్న టిక్కెట్లు పెట్టేదాన్ని, వాడే ఏరినట్టు కనబడాలని. మీ తాత ఆ టిక్కెట్లు చూసి, అబ్బో నా కొడుకు కష్టజీవి అనుకున్నాడు. అనుకుని అనుకుని పొలం రాసిచ్చాడు. నాకు ఒక అద్దాల బీరువా ఇచ్చాడు. అందులో ఉండాల్సిన పాత కప్పులు కూడా మీ అమ్మ ఇవ్వలేదు."

ఈ టిక్కెట్ల సంగతి నేను ఎప్పుడూ వినలేదు. ఇంకో రోజైతే ఆగి ఆలోచించేదాన్నేమో. ఆ రోజు నాకు ఆవిడ కష్టం అక్కర్లేదు, నా కష్టమే నాకు కొండంత ఉంది.

"అందుకే మీ ఇంటికి పిల్లి కూడా రాదు," అన్నాను. "క్రిస్మస్‌కి కూడా ఒక్కరే కూర్చుని ఆ ఖాళీ బీరువా చూసుకుంటారు. లోయలో అందరికీ మీరంటే జాలి. నాకు అది కూడా లేదు."

అనేశాక నాలుక కరుచుకున్నానని రాస్తే అబద్ధమవుతుంది. హాయిగా ఉంది. ఏడాదిగా గొంతులో ఇరుక్కున్న ముల్లు బయటికొచ్చినట్టుంది. ఆ హాయి పది సెకన్లు కూడా లేదనుకోండి. కాల్డర్‌వుడ్ నా చేతుల్లోంచి జారిపోయిందని అప్పుడు తెలిసింది. పుస్తకాల సంచి భుజానికెత్తుకున్నాను.

"అయిపోయిందా?" అంది అత్త. మొహం తెల్లగా పాలిపోయింది కానీ గొంతు మామూలుగానే ఉంది. "ఇంకేమైనా మిగిలి ఉంటే అదీ కక్కేసెయ్. లేదా? సరే, సంచి దించు. ఆ కంప్యూటరు ముందు కూర్చో."

"ఎందుకు?"

"ఉత్తరం కావాలన్నావుగా? నీ దరఖాస్తు తెరువు. చదవనని రాసే చోట టిక్కు పెట్టి, నా పేరు చేర్చు."

"ఇప్పుడా?"

"ఇప్పుడే రాస్తాను. కోపం చల్లారాక రాస్తే అబద్ధాలు కలుస్తాయి."

నిలబెట్టి అన్ని మాటలన్నాను. అవి చెవుల్లో మోగుతుండగా ఆవిడ నా గురించి రాస్తుందట.

"ఏం రాస్తారు?"

"అదేగా నీకు చెప్పకూడనిది."

"టిక్కు పెట్టకపోతే?"

"తలుపు అటు."

కూర్చున్నాను. టిక్కు పెట్టే గడి చిన్నది, గోరంత ఉంటుంది. దాని పక్కన నాలుగు వరుసల అక్షరాలు. ఈ హక్కు వదులుకున్నాక మళ్ళీ అడగడానికి లేదని రాసుంది. పెట్టకపోతే ఉత్తరం లేదు, ఉత్తరం లేకపోతే కాల్డర్‌వుడ్ లేదు. పెడితే ఈవిడ ‘పొగరుబోతు పిల్ల, నోటికి హద్దు లేదు, ఇంటివాళ్ళ బుద్ధులే వచ్చాయి’ అని రాసినా నాకు జన్మలో తెలీదు. డిసెంబరులో, సీటు లేదని చెప్పే ఒక సన్నటి కవరు వస్తే, అది సీ ప్లస్ వల్ల వచ్చిందో ఈ ఉత్తరం వల్ల వచ్చిందో కూడా తెలీదు. అడకత్తెరలో పోకచెక్క అంటారు కదా, దానికి కనీసం ఏ వైపు నుంచి తెగుతుందో తెలుస్తుంది.

టిక్కు పెట్టాను. ధైర్యం వచ్చి కాదు, వేరే దారి లేక.

ఆవిడ తన బల్ల మీదున్న కంప్యూటరు తెర నాకు కనబడకుండా గోడవైపు తిప్పుకుంది. కళ్ళజోడు పెట్టుకుని రెండు వేళ్ళతో టకటకా కొట్టడం మొదలుపెట్టింది. ఒక్కసారి కూడా ఆగలేదు. ఊరికే కూర్చుంటే పిచ్చెక్కేట్టుందని నేను లేచి, మిగిలిన గాజు గొట్టాలు కడిగాను. వద్దనలేదు.

"ఆ తొమ్మిది రోజులూ హార్వెస్టరు మీద ఏ వైపు నిలబడ్డావు?" అంది మధ్యలో, తలెత్తకుండా.

"ఎడమవైపు."

"దుమ్మంతా అటే కొడుతుంది," అని మళ్ళీ టైపు చేసుకుంటూ పోయింది.

ఆ మాట ఉత్తరంలోకి వెళ్ళిందో, ఊరికే అడిగిందో నాకు తెలీదు. కాసేపటికి ఇంకో ప్రశ్న వేసింది, నా పుట్టినరోజు మే నెలలోనా జూన్‌లోనా అని. ఉత్తరానికి పుట్టినరోజుతో ఏం పని? జూన్ అన్నాను. "అవును, జూనే," అంది. నలభై నిమిషాలైంది. చివర్న ఒక్క మీట గట్టిగా నొక్కి, కళ్ళజోడు తీసింది.

"పంపేశాను. ఇంక నేను మార్చడానికీ లేదు."

థాంక్స్ చెప్పాలి. విషం పోసిందో పాలు పోసిందో తెలీకుండా దేనికి చెప్పను థాంక్స్?

ఆవిడ బల్ల సొరుగు లాగి, ఒక అట్ట ఫైలు తీసింది. అందులోంచి పసుపు కాగితం ఒకటి ఏరి నా ముందుకు తోసింది.

"ఇది చదువుకో. దీని మీద నువ్వు ఏ హక్కూ వదులుకోలేదు."

స్కూలు అచ్చు వేయించిన చీటీ. పోయిన ఏడాది తారీఖు. ‘పంట పని వల్ల మీ అమ్మాయి జోసెట్ నాలుగు ల్యాబులకు రాలేదు. వరసగా నాలుగు శనివారాలు పొద్దున నా దగ్గరికి పంపితే అన్నీ చేయించి, పూర్తి మార్కులు వేస్తాను. పంపుతారో లేదో తెలపగలరు. లొరేన్ టెరియో.’ కింద రెండు గళ్ళు, పంపుతాను, పంపను. పంపను అన్న గడిలో టిక్కు. దాని కింద గుండ్రటి అక్షరాలతో, ‘పొలంలో పని ఇంకా ఉంది. ఉన్న మార్కు వేసేయండి.’ సంతకం, క్లాడీన్ టెరియో. అక్టోబరు ఇరవై ఒకటి.

క్లాడీన్ మా అమ్మ.

ఇంట్లో కాల్డర్‌వుడ్ పేరు మొదట ఎత్తింది అమ్మే. కాలేజీ వాళ్ళ పుస్తకం తెప్పించి, బొమ్మ కత్తిరించి ఫ్రిజ్ మీద అంటించింది అమ్మే. తను నడిపే స్కూలు బస్సులో ఎక్కిన ప్రతి పిల్లకీ మా జోసెట్ కాల్డర్‌వుడ్‌కి పోతుందని చెప్పింది. ఆ సీ ప్లస్ వచ్చిన రోజు నన్ను పట్టుకుని ఏడ్చింది. మీ అత్త మనసు రాయి అంది.

తారీఖు మళ్ళీ చూశాను. ఇరవై ఒకటి. మా ఆఖరి వరస దుంపలు పంతొమ్మిదినే ఎత్తేశాం. ఆ రోజు నాన్న హార్వెస్టరు కడిగించి కొట్టంలో పెట్టించాడు, నాకు గుర్తుంది. ఇరవై ఒకటికి పొలంలో గడ్డి పరక కూడా లేదు.

"నాతో చెప్పొచ్చుగా?" అన్నాను. "రోజూ మీ క్లాసులో కూర్చున్నాను. ఒక్క మాట అనొచ్చుగా?"

"అనొచ్చు. అనలేదు."

"ఎందుకని?"

"మీ ఇంటి నుంచి వద్దని వచ్చింది. మళ్ళీ వచ్చి మీ కాళ్ళు పట్టుకోవాలా నేను? మీ నాన్న పొగరే అనుకున్నాను, సంతకం మీ అమ్మ చేత పెట్టించాడనుకున్నాను. నీకూ తెలుసనుకున్నాను." ఫైలు మూసింది. "ఇందాక నువ్వు అరుస్తుంటే తెలిసింది, నీకు తెలీదని. ఇంక వెళ్ళు. ఆ కాగితం నాకు అక్కర్లేదు."

బస్సు పోయి గంట దాటింది. ఖాళీ పొలాల గట్ల వెంట మూడు మైళ్ళు నడిచాను. దారంతా అమ్మ తరఫున నేనే వాదించాను. తారీఖు తప్పు పడిందేమో అనుకున్నాను. నాన్న బలవంతం చేశాడేమో అనుకున్నాను. ఇల్లు చేరేసరికి ఒక్క సాకు కూడా మిగల్లేదు, ఒళ్ళంతా మండుతోంది.

వంటింట్లో అమ్మ ఇనప పెనం మీద ప్లోయ్ అట్లు పోస్తోంది. నాన్న బల్ల దగ్గర కూర్చుని, అట్టుకు వెన్న రాసుకుని చుట్టచుట్టి తింటున్నాడు. ఆయన ముందే ఉంది ఒప్పందం కాగితం. కాల్డర్‌వుడ్‌కి నవంబరులో అడిగేవాళ్ళు, సీటిస్తే ఇంకెక్కడికీ పోకుండా అక్కడికే వస్తామని మాటివ్వాలి. నా సంతకం, కౌన్సిలరు సంతకం, ఇంట్లో పెద్దవాళ్ళలో ఒకరి సంతకం. మొదటి రెండూ పడ్డాయి. మూడోది చెయ్యి ఖాళీ అయ్యాక పెడతానని అమ్మ పది రోజులుగా అంటోంది. చెయ్యి ఎందుకు ఖాళీ కావడం లేదో ఇప్పుడు అర్థమైంది.

"బస్సెక్కలేదేం?" అంది అమ్మ. "నీకోసం ఐదు నిమిషాలు ఆపాను. పిల్లలందరూ గోల."

పసుపు చీటీ తీసి ఒప్పందం పక్కన పెట్టాను.

"అమ్మా, ఇది ఎవరు రాశారు?"

అమ్మ చూసింది. ఏమిటది అని అడగలేదు. అడిగి ఉంటే బాగుండును. గరిటె అలాగే పట్టుకుని నిలబడింది, పిండి చుక్కలు పొయ్యి మీద పడుతున్నాయి. నాన్న చీటీ దగ్గరికి లాక్కుని, వేలు పెట్టి ఒక్కో అక్షరం చదివాడు.

"ఇరవై ఒకటా?" అన్నాడు నెమ్మదిగా. "పంతొమ్మిదికే పని అయిపోయిందిగా, క్లాడీన్?"

"నువ్వే రాశావా?" అన్నాను నేను.

"అవును. నేనే."

"అత్త మనసు రాయని ఏడ్చావు! నా తల నిమురుతూ ఏడ్చావు!"

"ఏడుపు నిజమే."

"ఎందుకు చేశావు?"

"ఎందుకంటే నీకు అన్నీ ‘ఏ’లు వస్తే నిన్ను ఆపేది ఎవరే?" అమ్మ గరిటెను పిండిగిన్నెలో పడేసింది. "పోవద్దని నీ మొహం మీద చెప్పే ధైర్యం నాకు లేదు. ఊరంతా తిరిగి నా కూతురు కాల్డర్‌వుడ్ అని నేనే చెప్పుకున్నాను. గొప్పగానే ఉండేది, చెప్తుంటే. ఆ చీటీ వచ్చిన రోజు అనిపించింది, ఒక్క సీ చాలు, నేను చెప్పలేనిది అదే చెప్తుంది అని. నువ్వు ఇక్కడే దగ్గర్లో ఏదో కాలేజీకి పోతావు, ఆదివారానికి ఇంటికొస్తావు. నిందంతా లొరేన్ మీద పోతుంది. ఆవిడ ఎలాగూ మనకి చెడ్డదేగా, ఇంకో నింద పడితే ఏం?"

నా జన్మలో నన్ను ఎవరూ అంతగా కొట్టలేదు. చెయ్యి ఎత్తకుండానే కొట్టింది. మధ్యాహ్నం ల్యాబులో నేనన్న ప్రతి మాటా గుర్తొచ్చింది. ఖాళీ బీరువా, క్రిస్మస్, జాలి. అవి అనాల్సిన మనిషితో కాదు నేను అన్నది. అత్త వాటిని విని, కోపం చల్లారకుండానే ఉత్తరం రాసి పంపేసింది.

"సంతకం పెట్టు," అన్నాను, పెన్ను అమ్మ ముందు పెట్టి. "నువ్వు చేసింది నువ్వే దిద్దు."

"పెట్టను."

"అమ్మా!"

"పోయినసారి చాటుగా చేశాను, తప్పే. ఈసారి నీ ఎదురుగానే చెప్తున్నాను. పెట్టను. తిట్టుకో, మాట్లాడటం మానెయ్. కాల్డర్‌వుడ్ నుంచి నువ్వు తిరిగి ఈ లోయకు రావు. వచ్చినా చుట్టంలా వస్తావు."

నాన్న పెన్ను అందుకున్నాడు. ఈ ఇంట్లో నాన్న కాగితాల జోలికి రాడు, అన్ని సంతకాలూ అమ్మవే. నా చదువుకు అడ్డం పడేది నాన్నే అని నాలుగేళ్ళుగా నమ్మాను, అందుకే ఈ సంతకం ఆయన్ని అడగలేదు. ఆయన ఒప్పందం కాగితం తన ముందుకు జరుపుకుని, ఖాళీ గీత మీద పెన్ను మొన ఆనించాడు.

"ఈ చీటీ నీకు ఎవరిచ్చారు?" అన్నాడు.

"లొరేన్ అత్త. సిఫారసు ఉత్తరం అడగడానికి వెళ్ళాను."

"ఇచ్చిందా?"

"నా ముందే రాసి పంపేసింది."

"ఏం రాసింది?"

"నాకు తెలీదు నాన్నా. నేను చదవకూడదు. చదవనని ముందే ఒప్పుకున్నాను."

"నా గురించి రాసిందా? ఈ ఇంటి గురించి, మీ అమ్మ చీటీ గురించి?"

"తెలీదన్నాగా!"

నాన్న మొన ఎత్తేశాడు. పెన్ను మూత పెట్టి చొక్కా జేబులో వేసుకున్నాడు.

"నా అక్క నా ఇంటి గుట్టు ఎవరో తెలీని వాళ్ళకు రాసి పంపిందో లేదో తెలీకుండా నేను ఈ కాగితం మీద సంతకం పెట్టను. రమ్మను దాన్ని. ఈ గుమ్మంలో నిలబడి, ఏం రాసిందో నా మొహం చూసి చెప్పమను. చెప్తే ఇప్పుడే పెడతాను."

"చెప్పకూడదు నాన్నా! బయటపెడితే ఆ ఉత్తరం మీద నమ్మకం పోతుంది. అది రహస్యంగా ఉంటేనే విలువ."

"అయితే సంతకమూ లేదు."

ఆవిడ చెప్తే ఉత్తరం చెడుతుంది. చెప్పకపోతే ఒప్పందం చెడుతుంది. అసలు ఆరేళ్ళుగా మా రోడ్డు మీదుగా కారు కూడా పోనివ్వని మనిషిని, మధ్యాహ్నమే నేను నోటికొచ్చినట్టు తిట్టిన మనిషిని, ఏ మొహం పెట్టుకుని పిలవను? పన్నెండు రోజులుంది.

అమ్మ పెనం మీంచి మాడిన అట్టు తీసి చెత్తబుట్టలో వేసింది.

"ఆవిడ రాదు," అంది.

ఆ గొంతులో ఎంత నిశ్చింత ఉందో విన్నాను. కన్నతల్లి గొంతులో ఆ నిశ్చింత వినడం కన్నా సన్నటి కవరు రావడం నయం. గోడకున్న ట్రక్కు తాళాలు తీసుకుని, కోటు కూడా వేసుకోకుండా, నేను లొరేన్ అత్త ఇంటికి బయల్దేరాను.